కడిగి పెట్టిన మేత

గొడవ ఉల్లిపొట్టు దగ్గర మొదలైంది.

ఆదివారం పొద్దున ఉల్లిపాయలు ఒలిచి, పొట్టు తీసుకెళ్లి మామూలు చెత్త సంచిలో వేశాను. మా ఆయన గీచాన్ కాఫీ కప్పు పట్టుకుని వెనకే వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి ఆ పొట్టంతా బయటికి తీశాడు.

"ఇది మెషిన్‌లో వెయ్యాల్సింది కదా, హారిమ్ అమ్మా?" మా అమ్మాయి పేరు కలిపే నన్ను పిలుస్తాడు.

"ఉల్లిపొట్టు తిండి చెత్త కాదండీ. పశువు తినలేనిది ఏదీ తిండి చెత్త కాదు. లిఫ్టు పక్కన కాగితం అంటించి ఎన్నేళ్లయిందో."

"ఆ రూలు మునిసిపాలిటీ వాళ్లది. వాళ్లు మన చెత్తని పశువుల దాణా చేస్తారు కాబట్టి ఆ లెక్క. మన మెషిన్ దాణా చెయ్యదు, మట్టి చేస్తుంది. దానికి ఉల్లిపొట్టు ఒక లెక్కా?"

అత్తయ్య నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తలెత్తకుండానే అంది. "పంది తినంది పందిపిల్ల ఎట్టా తింటాదిరా?"

పందిపిల్ల అంటే ఆ మెషినే. దక్షిణాన అత్తయ్య పుట్టిన కాంగ్జిన్ పల్లెలో ప్రతి ఇంటి వెనకా ఒక పంది ఉండేదట. ఇంట్లో మిగిలిందంతా కుడితి తొట్టిలో పోస్తే అది తాగేదట. కొడుకు మూడేళ్లు కష్టపడి చేసిన యంత్రాన్ని వంటింట్లోకి తెచ్చి, ఇది మిగిలిపోయిన తిండి తిని మట్టిగా మారుస్తుందమ్మా అని చెబితే, "ఓహో, పందిపిల్లను తెచ్చినావా" అంది. ఆ పేరే ఉండిపోయింది. సింకు పక్కన తెల్లగా, బియ్యం డబ్బా అంత ఎత్తున నిలబడి ఉంటుంది. లోపల రంపపు పొట్టు, తవుడు కలిపిన గోధుమరంగు పొడి, అందులో కంటికి కనబడని జీవాలు. మూతలో ఒక కెమెరా. మూత తీసినప్పుడల్లా ఏం పడిందో, ఎంత పడిందో ఆయన ఫోనుకు కబురు పోతుంది. ఆఫీసులో కూర్చుని కూడా, "పొద్దున మూడుసార్లు మూత తీశావేం?" అని నాకు ఫోన్ చేస్తాడు.

ఆయన ఉల్లిపొట్టు పట్టుకెళ్లి అందులో వేశాడు. మూత పడింది. లోపలినుంచి ఒక అమ్మాయి గొంతు మర్యాదగా పలికింది: "క్షమించండి. ఇది నేను తినలేను. దయచేసి తీసెయ్యండి."

మా హారిమ్ గదిలోంచి పగలబడి నవ్వింది. పదకొండో తరగతి చదివే పిల్ల, ఆదివారం పదింటికి ముందు లేవదు. ఆ నవ్వుకోసమే లేచినట్టుంది. "నాన్నా, నీ మెషిన్ కూడా అమ్మ పార్టీయే!"

"కెమెరాకి మునిసిపాలిటీ లిస్టు ఎక్కించినట్టున్నారు మా వాళ్లు. అది మెషిన్ తప్పు కాదు, కెమెరా తప్పు," అని ఆయన ఏదో బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. యంత్రం ఇష్టం లేనట్టు గరగరమని తిరిగింది. 

"బలవంతాన తినిపిస్తే కక్కుతాది," అంది అత్తయ్య.

"అమ్మా, నువ్వూరుకో. ఇంకో రెండు వారాల్లో మేంగ్ గారు వస్తున్నారు. ఈ లోపల నాకు అన్ని రకాలూ వేసి చూడాలి."

మేంగ్ గారి పేరు వచ్చాక అత్తయ్య మళ్లీ వెల్లుల్లి మీద పడింది. టీవీలో వస్తువులు అమ్మే చానెల్ ఒకటుంది. ఏ వంటింటి సామాను అమ్మాలో అక్కడ తేల్చేది ఆవిడే. వసంతంలో మా పందిపిల్లను ఆవిడ తీసుకుంటే గీచాన్ కంపెనీ నిలబడుతుంది. తీసుకోకపోతే, ఆయనతోపాటు పెద్ద ఉద్యోగాలు మానుకుని వచ్చిన ఇద్దరు స్నేహితులూ వెనక్కి వెళ్లిపోతామని ముందే చెప్పేశారు. ముగ్గురూ కలిసి అద్దెకు తీసుకున్న ఆ సగం అంతస్తూ ఖాళీ అవుతుంది. బొమ్మలు, కాగితాలు చూసి మేంగ్ గారు ఏమీ తేల్చలేదు. "చలికాలపు కిమ్చి పెట్టే రోజు మీ ఇంటికి వస్తాను. ఏ ఇంట్లోనైనా చెత్త ఎక్కువయ్యేది ఆ రోజే. అప్పుడు మీ యంత్రం ఏం చేస్తుందో చూస్తాను," అందట. చలికాలమంతటికీ సరిపడా క్యాబేజీ ఊరగాయ ఇంటిల్లిపాదీ కలిసి ఒకేసారి పెట్టుకునే రోజది.

ఆయన భయం ఏమిటంటే, మా ఇంట్లో తప్ప అది ఎక్కడా సరిగ్గా పనిచెయ్యడం లేదు. పరీక్షకోసం తెలిసినవాళ్ల ఇళ్లలో పెట్టినవన్నీ ఒక్కొక్కటిగా పుల్లటి కంపు కొట్టి, లోపల బురదయి, చచ్చిపోతున్నాయి. మాది మాత్రం ఐదు నెలలుగా అడవిలో మట్టి వాసన వేస్తూ హాయిగా నడుస్తోంది. ఆఫీసు గోడ మీద మా ఇంటి పేరు "ఒకటో నంబరు ఇల్లు". 

"వాడకం రాదు వాళ్లకి," అనేవాడు ఆయన రోజూ అన్నం ముందు కూర్చుని. "ఒకే మెషిన్, ఒకే పొడి. ఇక్కడ బతికింది అక్కడెందుకు చస్తుంది? వాడకం రాదు, అంతే."

చివరికి ఆ వాడకం నేర్పే పని నా నెత్తిన పడింది. "నువ్వు చదువుకున్నదానివి. ఆహారం, పోషణ అని నాలుగేళ్లు చదివావు, ఆస్పత్రి వంటశాలలో చేశావు. నెమ్మదిగా చెప్తావు. ఒక్క ఇంటికి వెళ్లి చూసిరా," అన్నాడు.

నేను వెళ్లాను. 

సువన్ స్టేషను వెనక, మూడో అంతస్తులో చిన్న రెండు గదుల ఇల్లు. యున్‌బి అనే అమ్మాయి తలుపు తీసింది. పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఆ రోజు సెలవట. పందిపిల్ల బాల్కనీలో ఉంది. మూత చుట్టూ వెడల్పాటి టేపు అంటించి ఉంది.

"కంపు ఆగట్లేదక్కా. మా ఆయన టేపు వేశాడు," అంది సిగ్గుపడుతూ. 

టేపు తీసి చూశాను. ఊరబెట్టిన సోయా ముద్దలాగా నల్లగా, తడిగా ఉంది. గరిటెతో కదిపితే కదల్లేదు.

"ఏమేం వేశారు?"

"మేం తిన్నవే. కిమ్చి కూర మిగిలితే అది, నూడుల్స్ మిగిలితే అవి. వేపుడు కోడి. ఎముకలు తీసేశాను, కాగితంలో రాశారు కదా."

"నీళ్లు వంచి వేశారా?"

"వంచే వేశాను."

"మరి కడిగారా?"

ఆ పిల్ల నా మొహం చూసింది. "ఏం కడగాలి?"

"అదే, కిమ్చి, కూర. ఉప్పూ కారం పోయేలా రెండు మూడు నీళ్లలో జాడించి, గట్టిగా పిండి వేస్తే..."

"చెత్తనా?"

నేను తలూపాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ఆపుకోలేక నవ్వేసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమనుకోకండక్కా. చెత్త కడిగి, పిండి, అప్పుడు దీనికి పెట్టాలంటే ఇంక ఇదెందుకు? కిందికి తీసుకెళ్లి డబ్బాలో పడేస్తే పోతుంది కదా. నేను ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. మా గిన్నెలే కడుక్కోను నేను." 

"నిజమే," అన్నాను.

"మీ ఇంట్లో కడుగుతారా?"

"కడుగుతాం."

"ఎవరు?"

చాలా మామూలుగా అడిగింది. నేను గరిటె కడిగిచ్చి, బూట్లు వేసుకుని వచ్చేశాను.

బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. కడగడం ఎప్పుడు మొదలైంది? చెత్త పిండి పారెయ్యడం పాత అలవాటే. కింద అపార్ట్మెంటు చెత్త డబ్బా తూకం వేసి మరీ డబ్బు లెక్క కడుతుంది కాబట్టి ఈ ఊళ్లో నీళ్లు పిండకుండా ఎవరూ వెయ్యరు. కడగడం మాత్రం పందిపిల్ల వచ్చిన మొదటి వారంలోదే. మూడో రోజున కొంచెం పులుపు వాసన వచ్చింది. అత్తయ్య ముక్కు పెట్టి చూసి, "ఉప్పెక్కువై దాహమేసినట్టుంది దీనికి. కడిగి పెట్టు," అంది. నేను చదివిన చదువూ అదే చెప్పింది. ఉప్పు తగిలితే ఆ చిన్న ప్రాణాలు నీరంతా పోయి ముడుచుకుపోతాయి. కడిగాను. వాసన పోయింది. అప్పటినుంచి పొద్దున నేను, మధ్యాహ్నం అత్తయ్య, రాత్రి మళ్లీ నేను. పళ్లు తోముకోవడం గురించి ఎవరైనా చెబుతారా? అలాగే దీని గురించీ ఎవరికీ చెప్పలేదు. దాచిందీ లేదు. మా సింకుకీ ఆయన కూర్చునే కుర్చీకీ మధ్య ఒక బల్ల ఉంది, అంతే. ఆయన ఆ కుర్చీలో కూర్చుని, మేం వేసినదాన్ని ఫోనులో చూసుకునేవాడు.

ఇంటికొచ్చి చెప్పాను.

"ఏవండీ, మన మెషిన్‌లోకి పోయేదంతా నేనూ అత్తయ్యా కడిగి, పిండి వేస్తున్నాం. మీకు తెలుసా?"

"ఊఁ," అన్నాడు ఫోను చూస్తూ.

"ఊఁ అంటే తెలుసనా, తెలియదనా?"

అప్పుడు తలెత్తాడు. "కడగడం ఏంటి?"

"కడగడం అంటే కడగడమే. నీళ్లతో."

"ఎందుకు?"

"కడక్కపోతే చస్తాయి కాబట్టి. ఆ అమ్మాయి ఇంట్లో చచ్చినట్టు."

"ఎప్పటినుంచి?"

"మొదటి వారం నుంచి."

ఆయన లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఐదు నెలలు! ఐదు నెలల లెక్కలూ కడిగిన చెత్తవా? నాకొక్క మాట చెప్పొద్దా నువ్వు?"

"మీరొక్కసారి వెనక్కి తిరగొద్దా?"

"నేను పనిచేసుకుంటున్నాను కదా!"

"నేనేం చేస్తున్నాననుకున్నారు?"

హారిమ్ తలుపు సందులోంచి చూసి, చప్పుడు చెయ్యకుండా మూసుకుంది. అత్తయ్య టీవీ శబ్దం కొంచెం పెంచింది.

ఆ రాత్రి ఆయన ఏమీ తినలేదు. పాపం అనిపించింది, నిజంగానే. కానీ పొద్దున లేచేసరికి మనిషి ఈల వేస్తున్నాడు. అదీ నాకు ఒళ్లు మండే సంగతి. ఏ కష్టాన్నైనా రాత్రికి రాత్రి ఇంకొకరి పనిగా మార్చుకుని, తేలికపడి నిద్ర లేస్తాడు.

"దొరికింది," అన్నాడు. "వాడే పద్ధతి చెప్పే పుస్తకంలో ఒక పేజీ కలుపుదాం. 'ఉప్పు ఎక్కువున్నవి వేసే ముందు కొద్దిగా జాడించండి.' బొమ్మ కూడా వేద్దాం. ఆ పేజీ నువ్వే రాయాలి. నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

"కొద్దిగా కాదు, మూడు నీళ్లు."

"మూడు నీళ్లంటే భయపడతారు. కొద్దిగా అని రాయి."

"మేంగ్ గారికి చెబుతారా?"

"అమ్మకానికొచ్చాక చూద్దాంలే. చిన్న చిన్నవన్నీ ముందే చెప్పుకుంటామా? వసంతానికి ఇది బయటికి పోనీ, ఉప్పుకి తట్టుకునే జీవాల జాతిని ఆ తర్వాత వెతుకుతాం. దానికి మనుషులు కావాలి, టైము కావాలి. ఇప్పుడు ఆవిడ వద్దంటే ఆ వెతికేవాళ్లే ఉండరు." గొంతు తగ్గించాడు. "ఆ రోజు మాత్రం ఆవిడ ముందు కడక్కు. వెనక బాల్కనీలో ఇంకో సింకుంది కదా. అక్కడ కడిగి తెచ్చెయ్."

నేను చెంచాలు తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను.

"ఈ ఒక్క రోజే, హారిమ్ అమ్మా."

"కొన్నవాళ్ల ఇళ్లలో చచ్చిపోతే?"

"అందుకేగా పేజీ రాస్తున్నాం!"

అంటే రేపు యున్‌బి లాంటి పిల్లలు వేలమంది ఫోన్ చేసి కంపు కొడుతోందంటే, ఫలానా పేజీ చూడలేదా అంటారు. వాడకం రాదంటారు. ఆ పేజీ రాసింది నేనై ఉంటాను. ఆయనకు సరే అని చెప్పలేదు, చెయ్యననీ చెప్పలేదు. చెంచాలు డ్రాయరులో పెట్టేశాను. నేను మాట్లాడకపోతే సరేనన్నట్టని ఆయన నమ్మకం. పెళ్లయినప్పటినుంచీ అంతే.

కిమ్చి పెట్టే శనివారం వచ్చింది. ముందురోజు సాయంత్రమే క్యాబేజీలన్నీ నిలువునా చీల్చి, స్నానాల తొట్టెలో ఉప్పు నీళ్లలో పడుకోబెట్టాం. పొద్దునకు అవి మెత్తబడి, ఒంచితే విరక్కుండా వంగుతున్నాయి. అత్తయ్యా నేనూ మూడు నీళ్లలో కడిగి బుట్టల్లో బోర్లించాం. హారిమ్ ముల్లంగి తురుముతూ, "వేళ్లు పోతున్నాయి, పరీక్షలున్నాయి," అని ప్రతి ఐదు నిమిషాలకీ ఒకసారి గుర్తు చేస్తోంది.

ఆయన తెల్ల చొక్కా వేసుకుని పందిపిల్ల పక్కన నిలబడ్డాడు. చెత్తకోసం ఎదురు చూస్తున్నాడు.

చెత్త రాలేదు.

క్యాబేజీ పై ఆకులు తీయగానే అత్తయ్య లాక్కుని దారానికి గుచ్చి బాల్కనీలో వేలాడదీసింది. చలికాలమంతా పులుసుకు అవే. ముల్లంగి ఆకులూ అటే పోయాయి. ముల్లంగి తోకలు, ఉల్లికాడల వేళ్లు కడిగి చారు గిన్నెలో పడ్డాయి. 

"అమ్మా, అవి ఇటియ్యవే," అన్నాడు ఆయన.

"ఎందుకు?"

"మెషిన్‌లో వెయ్యడానికి."

"బంగారమట్టాంటి ఆకులు దానికేస్తే మనమేం తినాలిరా?"

"ఒక్క నాలుగాకులు. ఆవిడొచ్చేసరికి అందులో ఏదో ఒకటి కనబడాలి కదమ్మా!"

"కొడుకు చెత్త అడుక్కుంటా తిరుగుతున్నాడు," అంది అత్తయ్య నాతో, ఆయన అక్కడ లేనట్టే. "పోనీ పాపం, ఈ కాడ ముక్క పడెయ్."

మేంగ్ గారు పదకొండింటికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పొట్టిగా కత్తిరించిన జుట్టు, చేతిలో పియర్ పళ్ల పెట్టె. లోపలికి రాగానే కోటు విప్పి, చేతులు కడుక్కుని, మా పక్కనే నేల మీద చతికిలబడింది. కారం కలిపిన ముద్ద వేలితో తీసి నోట్లో వేసుకుని, "రొయ్యపొట్టు బాగా పడింది. దక్షిణాది చెయ్యి," అంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది.

గీచాన్ యంత్రం గురించి మొదలుపెట్టాడు. ఆవిడ తలూపుతూ, చేత్తో క్యాబేజీ రేకుల మధ్య కారం పూస్తూ విన్నది. క్యాబేజీ కాడ ముక్క వేస్తే పందిపిల్ల, "బాగా తిన్నాను, కృతజ్ఞతలు," అంది.

"బావుంది," అంది మేంగ్ గారు. "మీ కిమ్చి ఫ్రిజ్ ఒకసారి చూడొచ్చా? కొత్తది పెట్టడానికి పాతది ఖాళీ చేస్తారు కదా. ఆ అడుగున మిగిలింది చూపించండి."

నేను తీసి చూపించాను. పోయినేడాది కిమ్చి, డబ్బా అడుగున రెండు గుప్పిళ్లు. మెత్తబడి, పైన తెల్లటి పొర కట్టి ఉంది. కూరకు కూడా పనికిరాదని అత్తయ్యే ఒప్పుకుంది.

"ప్రతి ఇంట్లో ఉండేది ఇదే," అంది ఆవిడ. "మా ఇంట్లోనూ ఉంది. ఇది వెయ్యండి, చూద్దాం."

గీచాన్ నా వైపు చూశాడు. తర్వాత వెనక బాల్కనీ తలుపు వైపు చూశాడు. మళ్లీ నా వైపు. "హారిమ్ అమ్మా, డబ్బా బరువుగా ఉంది కదా. వెనక ఏదైనా గిన్నెలోకి తీసి పట్రా."

డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్లాను. బాల్కనీ సింకు మీద గులాబీ రంగు రబ్బరు గ్లౌజులు వేలాడుతున్నాయి. వేసుకున్నాను. కుళాయి తిప్పాను. నవంబరు నీళ్లు గ్లౌజులోంచి కూడా కొరికాయి. నా చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోబోయింది. కుళాయి కట్టేశాను.

"హారిమ్ నాన్నా, ఒకసారి ఇటు రండి."

వచ్చి తలుపు వేశాడు. "ఏంటి? ఆవిడ అక్కడ కూర్చుని ఉంది!"

గ్లౌజులు విప్పి ఆయనకిచ్చాను. "కడగండి."

"ఇప్పుడా? నేనా?"

"కడిగిందే పెట్టాలన్నది మీరు. నేను కాదు."

"నువ్వైతే రెండు నిమిషాల్లో చేస్తావు," అన్నాడు పళ్ల బిగువున.

"రెండు నిమిషాల్లో చెయ్యడం రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. మీరు మొదలుపెట్టండి. ఆలస్యమైతే అనుమానం వస్తుంది ఆవిడకి."

గ్లౌజులు ఆయన చేతికి సగమే ఎక్కాయి. కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ల ధార డబ్బాలో పడి, ఏడాది నాటి ఎర్రటి పులుసు ఎగిరి తెల్ల చొక్కా మీద ఛాతీ నుంచి నడుము దాకా చిందింది. ఆయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. ఒక నీళ్లు పారబోసి, "చాలు," అన్నాడు.

"రుచి చూడండి."

"చెత్తనా?"

యున్‌బి కూడా ఇదే మాట అంది. చెప్పలేదు ఆయనకు. "ఉప్పుందో లేదో ఇంకెలా తెలుస్తుంది?"

కసిగా ఒక ముక్క నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. రెండో నీళ్లు. జల్లెడలో ముక్కలు అడ్డుపడి సింకు నిండింది. వేళ్లతో తియ్యాల్సి వచ్చింది. మూడో నీళ్లు. పిండబోతే ముద్ద వేళ్ల సందుల్లోంచి జారి మళ్లీ సింకులో పడింది. వంగి ఏరుకున్నాడు. నడుం పట్టుకుని లేచి, "రోజూ ఇదేనా?" అన్నాడు.

"మూడు పూటలా."

పిండిన ముద్దను గిన్నెలో పెట్టుకుని లోపలికి వెళ్లి పందిపిల్లకు వేశాడు. అది కృతజ్ఞతలు చెప్పింది. మేంగ్ గారు యంత్రాన్ని చూడలేదు. ఆయన చొక్కా చూసి, చూపు తిప్పుకుంది.

పని అయ్యేసరికి అత్తయ్య పంది మాంసం ఉడికించి, పల్చటి ముక్కలు కోసి పళ్లెంలో పేర్చింది. కొత్త కిమ్చి, పచ్చి ఆల్చిప్పల మాంసం, చారు, వేడి అన్నం. కిమ్చి పెట్టిన రోజు ఈ భోజనంకోసమే ఆ చాకిరీ అంతా చేస్తామేమో అనిపిస్తుంది. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఒక మాట అడగొచ్చా?" అంది మేంగ్ గారు. "ఆ మరక..."

"చిందింది," అన్నాడు గీచాన్.

"కడుగుతుంటేనా?"

హారిమ్ చాప్‌స్టిక్స్ గాలిలో ఆగాయి. ఆయన నా వైపు చూశాడు. నేను ఆల్చిప్పకు కారం అద్దుకుంటున్నాను. ఈ మాటకు జవాబు నా చేత చెప్పించడం కుదరదని ఆయనకు తెలియాలి కదా ఎప్పుడో ఒకప్పుడు.

"కడిగాను," అన్నాడు.

"ఇవాళేనా, రోజూనా?"

చొక్కా మరక మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను ఇవాళే. తను రోజూ. అమ్మ కూడా. నాకు ఈ మధ్యే తెలిసింది."

మేంగ్ గారు చెంచా కింద పెట్టింది. కోపం లేదు ఆవిడ మొహంలో. "మా ఇంట్లో వేరే కంపెనీ వాళ్లది ఒకటుంది. అదీ ఇంతే. ఒక నెల కడిగి కడిగి, ఇప్పుడు దాని మీద బియ్యం బస్తా పెట్టాను. 'వేసే ముందు చెత్త కడగండి' అని చెప్పి నేను టీవీలో ఏదీ అమ్మలేను. చెప్పకుండా అమ్మితే మర్నాటినుంచి తిట్లు తినేది నేను. వసంతానికి వద్దండీ."

"వసంతం కాకపోతే మా వాళ్లిద్దరూ ఉండరు," అన్నాడు ఆయన.

"ఉండకపోవచ్చు. వచ్చే ఏడు కిమ్చి పెట్టినప్పుడు నన్ను పిలవండి. ఆ పాత కిమ్చి డబ్బాలోంచి నేరుగా వేస్తాను. తర్వాతి వారం కూడా అది మట్టి వాసనే వేస్తే అప్పుడు మాట్లాడుకుందాం." మళ్లీ చెంచా తీసుకుంది. "చారు బావుంది పెద్దమ్మా. ముల్లంగి తోకలేనా?"

గీచాన్ పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్లు అర్ధరాత్రిళ్లు కూర్చుని గీసిన గీతలు నాకు తెలుసు. ఏదైనా మంచిమాట చెబుదామని నోరు తెరవబోయాను. ఈలోగా ఆయన కళ్లలో ఆ వెలుగు వచ్చేసింది. ఆ ఈల వేసే పొద్దుటి వెలుగు.

"లోపలే జాడించే తొట్టి పెట్టొచ్చు. లేదా ఉప్పు చేపల తొట్లలో బతికే జాతి ఏదైనా... ముందు లెక్కలు కావాలి. కడక్కుండా వేస్తే ఎన్నాళ్లకు చస్తుందో, ఎంత ఉప్పుకు చస్తుందో. పాతవేవీ పనికిరావు." నా వైపు తిరిగాడు. "హారిమ్ అమ్మా, రేపటినుంచి నువ్వు కడక్కుండా వెయ్యి. చచ్చినప్పుడల్లా తోడేసి కొత్త పొడి నింపు. వాసన ఎలా మారుతుందో రోజూ కాస్త..."

చాప్‌స్టిక్స్ పళ్లెం మీద పక్కపక్కన సరిగ్గా పెట్టాను.

"రేపటినుంచి నేను కడగను," అన్నాను. "పిండను. దాని మూత కూడా తియ్యను. ఈ ఇంట్లో మూడు పూటలా తినగా మిగిలింది ఎత్తి అందులో వేసేది మీరే. వాసన చూసేది మీరే. చస్తే తోడేది మీరే, ఆ తొట్టి తోమేది మీరే. అత్తయ్య కూడా చెయ్యి పెట్టరు."

"నేనసలే పెట్టను," అంది అత్తయ్య.

"ఆఫీసుకి పోతాను కదా! పొద్దుటిదీ మధ్యాహ్నానిదీ ఎవరు..."

"సింకులోనే ఉంటుంది. మీరొచ్చేదాకా ఎక్కడికీ పోదు."

"కంపు కొడుతుంది!"

"కొడుతుంది."

మేంగ్ గారు చారులోకి తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఎన్నాళ్లు?" అన్నాడు ఆయన.

"అది కడగని కూర తినేదాకా. వచ్చే ఏడాదయినా సరే, ఆపై ఏడాదయినా సరే. మానేస్తానంటే మానెయ్యండి, కింద డబ్బా ఉంది. చేస్తానంటే మాత్రం ఒకటో నంబరు ఇల్లు మీది."

ఆయన ఇంకా ఏదో అనడానికి నోరు తెరిచాడు. అత్తయ్య కిమ్చి ఆకులో మాంసం, ఆల్చిప్ప, వెల్లుల్లి రెబ్బ పెట్టి పిడికిలంత పొట్లం చుట్టి ఉంచింది. దాన్ని కొడుకు నోట్లో కుక్కింది. "ముందు తిను. పొద్దుగాల ఆరింటికి లేవాల నువ్వు."

రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆయన నమలసాగాడు. హారిమ్ తన పళ్లెంలో మిగిలిన మాంసపు కొవ్వు ముక్క, కొరికి వదిలేసిన కిమ్చి ఆకు ఒక పక్కకు చేర్చి, పళ్లెం మెల్లగా నాన్న ముందుకు జరిపింది.